ఏం బీమారుండె ఆమెకు?

మా దిక్కు చావింటికి వచ్చినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "ఏం బీమారుండె?" అంటారు. జవాబు ఒక్క మాటలో ఉండాలి. జ్వరం అనో, టీబీ అనో, కామెర్లు అనో, వాంతులు విరేచనాలు అనో చెబితే అడిగినవాళ్లు "అయ్యో" అని ఒక పక్కన కూర్చుంటారు. కాసేపటికి మాట వానల మీదికో, పత్తి ధర మీదికో మళ్లుతుంది. చావుకు కారణం దొరికింది కనుక ఇక అడగడానికి ఏమీ మిగలదు.

2011లో మా చిన్నమ్మ పోయినప్పుడు ఆ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జనగామకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో, ఆమె ఇంటి ముందు కూర్చుని "టీబీ" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఏదో దాస్తున్నట్టే అనిపించింది. ఆమెకు టీబీ వచ్చిన మాట నిజం. ఆమె టీబీ వల్లనే పోయిందని మాత్రం ఇవాళ్టికీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

జబ్బు ముందు చిన్నాయనకు వచ్చింది. ఆరు నెలలు చిన్నమ్మ ఆయన ఉమ్మిన డబ్బా కడిగింది. ఇంట్లో ఉన్న నాలుగు కోళ్లు పెట్టిన గుడ్లు ఆయనకే ఉడకబెట్టింది. రాత్రిళ్లు ఆయన పక్కనే, ఒకే ఒక్క కిటికీ ఉన్న అర్రలో పడుకుంది. చలికాలం ఆ కిటికీని కూడా గోనెసంచితో మూసేవాళ్లు. ఆయన కోలుకుని లేచి తిరిగాడు. ఏడాది గడవకముందే ఆమె దగ్గడం మొదలుపెట్టింది. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. బిడ్డకు సంబంధాలు చూస్తున్నారు. తండ్రికి వచ్చిన జబ్బు ఊరంతటికీ తెలుసు, దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. తల్లికి వచ్చిందంటే మాత్రం బిడ్డకూ ఉంటుందేమోనంటారని ఆమె భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు.

చివరికి మందులు మొదలయ్యాయి. అప్పట్లో టీబీ మాత్రలు రోజు విడిచి రోజు, ఇచ్చేవాళ్ల ఎదుటే మింగాలి. ఆ చోటు మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఆమె మానేసింది. సంగతి తెలిసి నేను హనుమకొండ నుంచి పోయాను. చదువుకున్నదాన్ని, పంతులమ్మను. పోయీపోగానే అరిచాను.

"ఎందుకు బంద్ జేసినవ్ చిన్నమ్మా? నీ పానం మీద నీకు పట్టింపు లేదా?"

"పత్తి పలిగింది బిడ్డా. రోజిడిసి రోజు అటే పోతే కైకిలి ఎవలిస్తరు? బువ్వ లేకుంట ఆ గోలీలు ఏసుకుంటే కండ్లు తిరుగుతున్నయ్."

ఆమె నాకు కారణాలే చెప్పింది. నేను సాకులు అనుకున్నాను. "ఇది నిర్లక్ష్యం" అని తిట్టి వచ్చాను. ఆమె మళ్లీ మందులు మొదలుపెట్టేసరికి ఆలస్యం అయిపోయింది. చావు తర్వాత ఊళ్లో అందరి నోటా అదే మాట, "నిర్లక్ష్యం చేసుకున్నది" అని. ఆ మాట ముందుగా అన్నది నేనే. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఒక మనిషి అంటురోగంతో చనిపోతే కారణం ఏమిటి, బాధ్యత ఎవరిది, ఈ రెండూ ఒకటేనా అన్న ప్రశ్న నాకు అక్కడ మొదలైంది.

క్షయకు కారణం ఒక సూక్ష్మక్రిమి అని 1882లో రాబర్ట్ కాక్ చూపించాడు. అది గొప్ప ఆవిష్కరణ, కాదనలేం. కానీ ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఒంట్లో ఆ క్రిమి చేరి ఉంటుందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మందే. మిగతావాళ్లు క్రిమిని మోస్తూనే మామూలుగా బతికేస్తారు. అంటే క్రిమి లేకుండా క్షయ రాదు, క్రిమి ఉన్నంత మాత్రాన కూడా రాదు. మధ్యలో ఇంకేదో కావాలి. ఇంగ్లండులో క్షయ మరణాలు 1940ల చివర స్ట్రెప్టోమైసిన్ వాడకంలోకి రాకముందే చాలావరకు తగ్గిపోయాయి. మంచి తిండి వల్ల తగ్గాయని థామస్ మెకోన్ వాదించాడు. నీటి గొట్టాలు, మురుగు కాల్వలు, ఇళ్ల మీద పురపాలక సంస్థలు పెట్టిన ఖర్చును ఆయన తక్కువ చేశాడని తరవాతి చరిత్రకారులు వాదించారు. ఈ వాదంలో ఎవరిది పైచేయి అయినా మందుకంటే ముందు పనిచేసిందేమిటో తెలుస్తూనే ఉంది.

మన దేశంలోనే 2019 నుంచి 2022 దాకా జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. టీబీ రోగుల ఇళ్లలోని మిగతా మనుషులకు కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్లకు చావు ముప్పు అరవై శాతం దాకా తక్కువగా కనిపించింది. 2023లో ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు చిన్నమ్మ ఉడకబెట్టిన గుడ్లు గుర్తొచ్చాయి. అవి ఆ ఇంట్లో ఒక్కరి కంచంలోకే పోయాయి. రోగికి తిండి పెట్టాలన్నది ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. రోగికి చాకిరీ చేసే మనిషికి కూడా పెట్టాలన్నది ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా. 2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం టీబీ రోగుల ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తున్నది, 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. మంచిదే. కానీ డబ్బు ఖాతాలో పడితే గుడ్డు ఆమె కంచంలో పడ్డట్టేనా? అందరి తిండీ అయ్యాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి ఏదైనా దక్కాలంటే ఆ గిన్నె మొత్తం నిండాలి. ఇంటిల్లిపాదికీ తిండి ఇచ్చిన ఆ పరిశోధనలో నాకు కనిపించిన అర్థం ఇది.

ఇక శుభ్రత సంగతి. మా నాయనమ్మకు కోపం వస్తే "నిన్ను గత్తరెత్తుక పోను" అని తిట్టేది. గత్తర అంటే కలరా. ఒక్క రాత్రిలో ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయిన రోజులు ఆ తిట్టులో ఉన్నాయి. కలరా ఎలా వ్యాపిస్తుందో 1854లో లండన్‌లో జాన్ స్నో చూపించిన కథ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, ఒక బోరింగు పిడి తీసేయించాడని చెబుతారు. నాకు ఆ కథకంటే ఆయన చేసిన రెండో పని ముఖ్యమనిపిస్తుంది. అప్పట్లో దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు నీళ్లు అమ్మేవి. ఒకే వీధిలో ఒక ఇంటికి ఒక కంపెనీ నీళ్లు, పక్కింటికి ఇంకో కంపెనీవి. ఒక కంపెనీ థేమ్స్ నది ఎగువకు పోయి, నగరపు మురుగు కలవని చోట నీళ్లు తీసుకునేది. రెండోది మురుగు కలిసిన చోటనే. స్నో ఇంటింటికీ తిరిగి లెక్క తీశాడు. మురుగు నీళ్లు అందిన ఇళ్లలో ప్రతి 10,000 ఇళ్లకు 315 మంది చనిపోయారు. ఎగువ నీళ్లు అందిన ఇళ్లలో 37 మంది.

ఆ రెండు రకాల ఇళ్లలోనూ పొద్దున్నే లేచి ఊడ్చిన ఆడవాళ్లు ఉండి ఉంటారు. అంట్లు బాగా తోమినవాళ్లు, సరిగా తోమనివాళ్లు రెండు పక్కలా ఉండి ఉంటారు. గొట్టం ఎక్కడ మొదలైందన్న దాని మీద బతుకు, చావు ఆధారపడ్డాయి. ఆ గొట్టం ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించినవాళ్లలో ఒక్క ఇల్లాలు కూడా లేదు. అయినా శుభ్రత గురించి ఎవరు మాట్లాడినా, బడిలో మేం చెప్పే పాఠం దగ్గర్నుంచి గోడల మీది రాతల దాకా, మాట ఇల్లాలితోనే. బిడ్డకు విరేచనాలైతే "నీళ్లు మరగబెట్టినవా?" అని తల్లినే అడుగుతారు. ఆ నీళ్లు ఆమె ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో, మరగబెట్టడానికి కట్టెలు ఎక్కడివో అడగరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇరవై సెకన్లు చేతులు కడుక్కోమని అందరం చెప్పాం. బిందె లెక్కన నీళ్లు మోసుకునే ఇంట్లో ఇంతమంది ఇన్నిసార్లు కడుక్కుంటే ఎన్ని బిందెలవుతాయో, అవి ఎవరి నెత్తిమీద వస్తాయో ఎంతమందిమి లెక్కేశాం?

ఒక్క నిజం ఒప్పుకోవాలి. 2016లో మిషన్ భగీరథ మొదలైన తర్వాత మా ఊళ్లో గడప ముందు నల్లా వచ్చింది. నేను ఇరవై ఏళ్లు చెప్పిన ఆరోగ్య పాఠాలకంటే ఆ నల్లాయే ఎక్కువ మేలు చేసింది. మా ఊరి ఆడవాళ్లకు రాత్రికి రాత్రే శుభ్రత మీద భక్తి పెరగలేదు. చేతికి నీళ్లు అందాయి, అంతే.

నీళ్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. 2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది, మరుగుదొడ్డి కట్టుకుంటే 12,000 రూపాయలు ఇచ్చారు. 2019 అక్టోబర్ 2న దేశంలో ఏ ఊళ్లోనూ ఎవరూ బయటికి పోవడం లేదని ప్రకటించారు. చీకటి పడేదాకా ఆపుకుని, ఆపుకోవలసి వస్తుందని నీళ్లు తాగడం మానుకుని, పాములకూ మగవాళ్లకూ భయపడుతూ పోయిన ఆడవాళ్లకు నాలుగు గోడల విలువ నేను చెప్పాల్సిన పనిలేదు. కానీ నీళ్లు లేని మరుగుదొడ్డికి నీళ్లు మోసేది కూడా ఆ ఆడవాళ్లే. మగవాడు చెంబుతో పొలం పోతే ఒక చెంబు నీళ్లు చాలు. దొడ్డికి పోతే బకెట్ కావాలి. ఆ బకెట్‌తో ఆమె పని పెరిగింది. అందుకే నేను పనిచేసిన ఊళ్లలో కొన్ని దొడ్లలో కట్టెలు, పిడకలు పేర్చి ఉండడం చూసి నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

ఆ దొడ్డి గుంత నిండితే ఎత్తిపోసేది ఎవరన్నది వేరే ప్రశ్నేమీ కాదు. మలాన్ని మనుషులతో ఎత్తించకూడదని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేయాల్సి వచ్చింది. మన సమాజానికి శుభ్రత కంటే మైల బాగా తెలుసు. మా జనగామ ప్రాంతం చాకలి ఐలమ్మను కన్న పోరాట నేల అని గర్వంగా చెప్పుకుంటాం. పాలకుర్తిలో తన పంట కోసం ఆమె దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన కథ పిల్లలకు చెబుతాం. ఆమె కులపు ఆడవాళ్ల చేతుల్లోకి ఊరి పురిటి బట్టలు, ముట్టు బట్టలు, రోగుల పక్కబట్టలు, చావు బట్టలు వెళ్లేవన్న సంగతి మాత్రం ఆ కథలో చెప్పం. ఊరి రోగాన్ని నీళ్లలో వదిలించిన చేతులవి. వాటిని తాకితే మైల అన్నారు. మురికి చేసేవాడు శుభ్రమైనవాడు, మురికి తీసేది మురికిది! ఈ తలకిందుల లెక్క తరతరాలుగా నేర్చుకున్నాం కనుకే, ఒక వాడలో అంటురోగం వస్తే ఆ వాడకు కాల్వ ఉందా అని చూడకముందే "వాళ్లంతే" అనేస్తాం.

ఈ లెక్క మన దగ్గరే లేదు. 1846లో వియన్నాలోని ఒకే ఆసుపత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్లు పోసిన వార్డులో ఆ ఏడు నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోయారు. మంత్రసానులు పోసిన వార్డులో నూటికి ముగ్గురు కూడా లేరు. మొదటి వార్డు వద్దని ఆడవాళ్లు కాళ్లావేళ్లా పడేవాళ్లట. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ గుర్తించి, 1847లో సున్నపు క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. చావులు అమాంతం తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. తమ చేతులు మురికివంటే ఎవరికి నచ్చుతుంది? మన దేశంలో 1885లో డఫరిన్ నిధి వచ్చిన నాటి నుంచి మంత్రసాని చేతులు మురికివన్న మాట మాత్రం అందరికీ చాలా సులువుగా నచ్చింది. ఆమె పద్ధతుల్లో ప్రమాదకరమైనవి లేవని నేననను. ఆమె చేతికి సబ్బూ, వేడినీళ్లూ, చదువూ ఎవరు అందించారని అడుగుతున్నాను.

మా చిన్నమ్మ పోయిన కొన్నాళ్లకు నాకు మానుకోట దిక్కు ఒక తండా బడికి బదిలీ అయింది. అక్కడ వానాకాలం హాజరు పట్టీ నాకు ఒక కొత్త సంగతి నేర్పింది. మగపిల్లాడు నాలుగు రోజులు రాకపోతే వాడికి జ్వరం. ఆడపిల్ల నాలుగు రోజులు రాకపోతే ఇంట్లో ఇంకెవరికో జ్వరం. పదేళ్ల పిల్ల తమ్ముడికి తడిగుడ్డ వేస్తూనో, తల్లి కూలికి పోతే నీళ్లు తెస్తూనో ఉండేది. వారం తర్వాత ఆ పిల్లకే జ్వరం వచ్చేది. అప్పటికి తమ్ముడు బడికి వచ్చేవాడు. చిన్నాయన, చిన్నమ్మల కథ ఆ పట్టీలో ప్రతి ఏడూ చిన్న అక్షరాలతో నాకు కనిపించేది.

అప్పటిదాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్‌లో మూడు జిల్లాలయ్యాయి. ఆ తర్వాత నేను భూపాలపల్లికి మారాను. 2023 జులై 27న తెల్లవారకముందే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులు, చెట్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరు కొట్టుకుపోయారు. మరుసటి ఏడు, 2024 సెప్టెంబర్ 1న, మానుకోట జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగు సీతారాం తండాను ముంచింది. మోరంచపల్లికి బట్టలు, గిన్నెలు తీసుకుపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. హెలికాప్టర్లు, కెమెరాలు వెళ్లిపోయాక మిగిలింది బురద. మోకాళ్ల లోతు బురదలో చీరలు ఎగ్గట్టి, చేటలతో, తట్టలతో ఎత్తిపోస్తున్నది ఆడవాళ్లు. ఆ బురదలో చచ్చిన పశువులున్నాయి, దొడ్ల మురుగు ఉంది. ఆ చేతులతోనే వంట చెయ్యాలి, బిడ్డకు పెట్టాలి.

ఇలాంటి రోజుల్లోనే పత్రికల్లో "విషజ్వరాలు" అన్న మాట కనిపిస్తుంది. ప్రతి వానాకాలం ఏజెన్సీలో విషజ్వరాలు, తండాల్లో విషజ్వరాలు అని రాస్తారు. ఏమిటీ విషజ్వరం? మలేరియానా, డెంగీనా, టైఫాయిడా? పట్నంలో ఉన్నవాళ్ల జ్వరానికి పరీక్ష ఉంటుంది, పేరు ఉంటుంది. మారుమూల మనిషి జ్వరానికి విషం అని పేరు. ఆ విషం ఆకాశం నుంచి పడినట్టు, ఎవరూ ఏమీ చెయ్యలేనట్టు అనిపిస్తుంది. మలేరియాను దోమ మోస్తుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. నూటపాతికేళ్లు దాటింది. ఆ జ్ఞానానికి లోటు లేదు.

అదే 1897లో పుణేలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే మార్చి 10న చనిపోయింది. ఊరి బయటి దళితవాడ పిల్లవాడిని వీపున మోసుకొచ్చి ఆమెకు ప్లేగు అంటింది. ఆ కథ చెబుతున్నప్పుడు నా గొంతు ఇప్పటికీ వణుకుతుంది. కానీ దాన్ని త్యాగం అని ఒక్క మాటలో ముగిస్తే, "నిర్లక్ష్యం" అన్నప్పుడు చేసిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది. ఒకటి తిట్టు, ఒకటి పొగడ్త. రెండూ ఆ మనిషి దగ్గరే ఆగిపోతాయి, ఆమె వీపు మీద ఆ బరువు ఎవరు పెట్టారో అడగనివ్వవు. 2005లో ఆశా కార్యకర్తల వ్యవస్థ వచ్చినప్పుడు వాళ్లను స్వచ్ఛంద సేవకులన్నారు. కరోనాలో గడప గడపకూ తిరిగింది వాళ్లే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు పురస్కారం ఇచ్చింది. 18,000 రూపాయల జీతం ఇవ్వమని రోడ్డెక్కి అడిగితే మాత్రం సేవకు జీతమేమిటన్నట్టు చూశారు.

మరి బాధ్యత ఎవరిది? "మనందరిదీ" అని చెప్పడం నాకు ఇష్టం లేదు. అలా అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. ఒక చావు వెనక గొలుసులా కారణాలు ఉంటాయి. ఆ గొలుసులో ఒక్కో కొక్కెం ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. ఏ కొక్కెం ఎవరి చేతిలో ఉందో, దాన్ని విప్పడానికి వాళ్లకు ఎంత ఖర్చయ్యేదో అడిగితే బాధ్యత కొలతకు వస్తుంది. చిన్నమ్మ చేతిలో ఉన్నది ఒక్కటే, రోజు విడిచి రోజు నాలుగు కిలోమీటర్లు నడిచిపోవడం. దాని ఖరీదు ఆమెకు కైకిలి, అంటే ఆ పూట బువ్వ. మాత్రలు ఊళ్లోకే పంపగలిగినవాళ్లకు దాని ఖరీదు ఎంత? జబ్బుపడ్డ కూలిమనిషికి ఆ రోజుల కూలి ఇప్పించడానికి ఎంత? చిన్నాయన ఒక గుడ్డు ఆమె కంచంలో వెయ్యడానికి ఎంత? నెలజీతం తీసుకునే నాకు ఆమె ఆటో కిరాయి ఇవ్వడానికి ఎంత? అందరికంటే తక్కువ శక్తి ఉన్న మనిషికి అందరికంటే ఎక్కువ నింద వేశాం. అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఆరోగ్య పాఠం ఇప్పటికీ చెబుతాను, చేతులు కడుక్కోమనే చెబుతాను. దాంతోపాటు పిల్లలతో ఇంకో లెక్క వేయిస్తాను. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు తెస్తారు, మురుగు ఎక్కడికి పోతుంది, అక్కడ ఎవరు ఉంటారు, అందరికంటే చివర ఎవరు తింటారు అని రాసుకుని రమ్మంటాను. మగపిల్లలు ఆఖరి ప్రశ్నకు జవాబు కోసం ఇంటికి పోయి చూసి రావాల్సి వస్తుంది. ఆడపిల్లలు అక్కడే రాసేస్తారు.

చిన్నమ్మ బిడ్డకు తర్వాత పెళ్లయింది. మొన్న ఒక పేరంటంలో ఎవరో పెద్దమనిషి నన్ను పలకరించి, "మీ చిన్నమ్మ చిన్న వయసులనే పాయె. ఏం బీమారుండె ఆమెకు?" అని అడిగింది. జవాబు ఒక్క మాటలో రాలేదు. "కూర్చో పెద్దమ్మా, చెప్తా" అన్నాను. ముందుగా ఆమె ఉడకబెట్టిన గుడ్ల దగ్గర మొదలుపెట్టాను.